కారణం తేలని కడుపునొప్పికి కోడ్ వెయ్యడం ఎలా: కొత్త మెడికల్ కోడర్లకు అంచెలంచెల మార్గదర్శి

ముందు ఒక చార్ట్, అంటే పేషెంట్ రికార్డు, చూద్దాం. డాక్టర్ అందులో రాసినదాన్ని ఇన్సూరెన్స్ బిల్లు కోసం కోడ్‌లుగా మార్చడమే మన పని. నేర్పడం కోసం నేను కల్పించినదే. కానీ ఎమర్జెన్సీ చార్టులు చేసేవాళ్లకు ఇలాంటివి రోజూ తగులుతూనే ఉంటాయి.

34 ఏళ్ల మహిళ. నిన్న సాయంత్రం బొడ్డు చుట్టూ మొదలైన నొప్పి, తెల్లవారేసరికి కుడివైపు కిందికి దిగింది. వికారం, రెండు వాంతులు. ప్రెగ్నెన్సీ టెస్ట్ నెగటివ్. డాక్టర్ చేత్తో నొక్కితే కుడి కింది భాగంలో నొప్పి అంది. తెల్ల రక్తకణాలు 13,800. కాంట్రాస్ట్ ఇచ్చి తీసిన సీటీలో అపెండిక్స్ మామూలుగానే ఉంది. చివర్లో డాక్టర్ ఇలా రాశారు: "రైట్ లోయర్ క్వాడ్రంట్ పెయిన్, కారణం తేలలేదు. రూల్ అవుట్ ఎర్లీ అపెండిసైటిస్. నొప్పి పెరిగితే వెంటనే, లేకపోయినా 12 గంటల్లో మళ్లీ రావాలి." ఆమెను ఇంటికి పంపారు. ఇక్కడ రూల్ అవుట్ అంటే కాదని తేలిపోయిందని కాదు, ఆ అనుమానం ఇంకా ఉంది, తేల్చాలి అని.

ఈ చార్ట్ కొత్తవాళ్ల చేతికిస్తే చాలామంది చూపు అపెండిసైటిస్ అన్న మాట మీదే ఆగిపోతుంది. దాని కోడ్ కె35.80 వేసేసి తర్వాతి చార్ట్ తెరుస్తారు. మొదటి ఏడాది నేనూ అదే చేశాను. ఆడిట్‌లో ఎరర్ పడింది. స్కోర్ తగ్గుతుందని నాకు టెన్షన్. నాకు పని నేర్పిన సీనియర్ అక్క మాత్రం స్కోర్ ఊసే ఎత్తలేదు. "ఆమెకు ఉందో లేదో తెలియని జబ్బును నువ్వు రికార్డులోకి ఎక్కించావమ్మా. ఇకమీదట ఆ కాగితం చూసినవాళ్లంతా ఆమెకు అపెండిసైటిస్ వచ్చిందనే అనుకుంటారు" అంది. అప్పటి నుంచి కడుపునొప్పి చార్ట్ తెరిచిన ప్రతిసారీ ఆ మాట గుర్తొస్తుంది.

"కారణం తేలలేదు" అన్నది కూడా డాక్టర్ ఇచ్చిన జవాబే. ఆ విజిట్ ముగిసేసరికి ఆయనకు ఎంత తెలిసిందో, మన కోడ్ అంతే చెప్పాలి. ఎక్కువ చెప్పకూడదు, తక్కువా చెప్పకూడదు. కింద రాసినవన్నీ ఈ ఒక్క పని సరిగ్గా చెయ్యడానికే.

ఒక మాట ముందే చెప్తాను. ఇది అమెరికాలో వాడే ఐసీడీ-10-సీఎం అనే జబ్బుల కోడ్‌ల పుస్తకం గురించి. హైదరాబాద్, విశాఖ, చెన్నై ఆఫీసుల్లో కూర్చుని మనవాళ్లు కోడ్ చేసేది ఎక్కువగా ఆ చార్టులే. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఐసీడీ-10 వేరు. అందులో ఎక్కడో చెప్పని కడుపునొప్పికి ఆర్10.4 ఉంటుంది, సీఎంలో ఆ కోడే లేదు. పుస్తకం మారితే కోడ్ మారుతుందని గుర్తుంచుకోండి. ఇక్కడ ఆర్, కె, ఎన్ అని తెలుగులో రాసినచోట సాఫ్ట్‌వేర్‌లో ఆ ఇంగ్లీషు అక్షరమే కొట్టాలి.

మొదటి అంచె: ఏ తేదీ, ఏ ఏడాది పుస్తకం

ఐసీడీ-10-సీఎం అమెరికాలో 2015 అక్టోబర్ 1న అమల్లోకి వచ్చింది. ఏటా అక్టోబర్ 1న కొత్త కోడ్‌లు వస్తాయి, కొన్నిసార్లు ఏప్రిల్ 1న కూడా చిన్న మార్పులు ఉంటాయి. అవుట్‌పేషెంట్ (అడ్మిట్ కానివాళ్లు) అయితే సేవ అందిన తేదీ, ఇన్‌పేషెంట్ (అడ్మిట్ అయినవాళ్లు) అయితే డిశ్చార్జ్ తేదీ చూసి ఏ ఏడాది సెట్ వాడాలో తేల్చుకోవాలి. మీరు కోడ్ వేస్తున్న రోజుతో సంబంధం లేదు.

కడుపునొప్పి విషయంలో ఇది ఇప్పుడు చాలా ముఖ్యం. 2025 అక్టోబర్ 1న కడుపునొప్పి కోడ్‌లుండే ఆర్10 కుటుంబం మారింది. కటి భాగం నొప్పికి అంతవరకూ ఆర్10.2 అన్న ఒక్క కోడ్‌తో పని జరిగేది. ఇప్పుడు దానికి ఇంకో అంకె తప్పనిసరి: కుడి అయితే ఆర్10.21, ఎడమ అయితే ఆర్10.22, రెండువైపులా అయితే ఆర్10.23, ఏ వైపో రాయకపోతే ఆర్10.20. మూత్రాశయం పైభాగంలో వచ్చే సుప్రాప్యూబిక్ నొప్పికి ఆర్10.24 ఇచ్చారు. పాత అలవాటుతో ఆర్10.2 అని వదిలేస్తే, అది చెల్లని కోడ్ కాబట్టి క్లెయిమ్ (ఇన్సూరెన్స్‌కు పంపే బిల్లు) తిరిగొస్తుంది.

అప్పుడే డొక్క నొప్పికీ సొంత కోడ్‌లు వచ్చాయి. మన ఇళ్లలో "డొక్కలో పొడుస్తోంది" అంటామే, చార్టులో ఫ్లాంక్ పెయిన్ అని ఉండేది అదే. ఇన్నాళ్లూ డాక్టర్ చక్కగా "రైట్ ఫ్లాంక్ పెయిన్" అని రాసినా, మనం ఆర్10.9 అనే, ఎక్కడో తెలియని నొప్పి కోడ్ వెయ్యాల్సి వచ్చేది. నాకు అది ఎప్పుడూ బాధగానే ఉండేది. ఇప్పుడు కుడి డొక్కకు ఆర్10.ఎ1, ఎడమకు ఆర్10.ఎ2, రెండువైపులా అయితే ఆర్10.ఎ3, వైపు రాయకపోతే ఆర్10.ఎ0.

రెండో అంచె: పేషెంట్ స్టేటస్ ఏమిటి

ఈ అంచె దాటవేసినవాళ్లే ఎక్కువ ఎరర్లు తెచ్చుకుంటారు. ప్రాబబుల్, సస్పెక్టెడ్, లైక్లీ, రూల్ అవుట్, కన్సిస్టెంట్ విత్, వర్కింగ్ డయాగ్నోసిస్. ఇవన్నీ డాక్టర్ అనుమానాన్ని చెప్పే మాటలు. కన్సర్న్ ఫర్ అని రాసినా అదే లెక్క. అవుట్‌పేషెంట్ చార్టులో ఈ మాటల వెనక ఉన్న జబ్బును కోడ్ చెయ్యకూడదు. దాని బదులు లక్షణాన్ని కోడ్ చెయ్యాలి.

ఇన్‌పేషెంట్ హాస్పిటల్ చార్టులో రూల్ దీనికి పూర్తిగా తిరగబడుతుంది. డిశ్చార్జ్ సమయానికి కూడా "ప్రాబబుల్ అపెండిసైటిస్" అని మిగిలి ఉంటే, ఆ జబ్బు ఉన్నట్టే కోడ్ చేస్తారు. డిశ్చార్జ్ సమయానికి అన్నది గట్టిగా పట్టుకోండి. మొదటి రోజు నోట్‌లో అనుమానించి, మూడో రోజుకు కాదని తేల్చేసిన జబ్బుకు కోడ్ ఉండదు.

ఇక్కడ రెండు చిక్కులున్నాయి. ఒకటి అబ్జర్వేషన్. పేషెంట్ రెండు రాత్రులు హాస్పిటల్ మంచం మీదే పడుకుని ఉండవచ్చు, సెలైన్ ఎక్కుతూ ఉండవచ్చు. అడ్మిట్ ఆర్డర్ లేకుండా అబ్జర్వేషన్‌లోనే ఉంటే ఆమె అవుట్‌పేషెంటే, అవుట్‌పేషెంట్ రూలే. రెండోది ప్రొఫీ, అంటే డాక్టర్ ఫీజు కోసం చేసే కోడింగ్. అడ్మిట్ అయిన పేషెంట్‌ను చూసినా సరే, డాక్టర్ బిల్లుకు అవుట్‌పేషెంట్ రూలే వర్తిస్తుంది. కాబట్టి ఒకే మనిషికి, ఒకే జబ్బుకు హాస్పిటల్ క్లెయిమ్‌లో కె35.80, డాక్టర్ క్లెయిమ్‌లో కుడి కింది నొప్పి కోడ్ ఆర్10.31 ఉన్నా అది తప్పు కాదు.

మన 34 ఏళ్ల పేషెంట్ ఎమర్జెన్సీ నుంచే ఇంటికి వెళ్లింది. అవుట్‌పేషెంట్. రూల్ అవుట్ అని రాసిన అపెండిసైటిస్ ఇక్కడితో పక్కకు పోతుంది.

మూడో అంచె: నోట్‌ను డాక్టర్ వెంట నడుస్తూ చదవడం

ఫైనల్ ఇంప్రెషన్ ఒక్కటే చదివి కోడ్ వెయ్యకండి. ఇంప్రెషన్‌లో "అబ్డామినల్ పెయిన్" అని రెండే ముక్కలుంటాయి. పైకి వెళ్లి హిస్టరీ చదివితే అదే డాక్టర్ "ఎడమ కింది భాగంలో నొప్పి" అని స్పష్టంగా రాసి ఉంటారు. ఆ చోటు ఆయన రాసిందే కాబట్టి తీసుకోవచ్చు. ఆర్10.9 అనుకున్నది ఎడమ కింది భాగం కోడ్ ఆర్10.32 అవుతుంది. టార్గెట్ ఒత్తిడిలో ఈ ఒక్క నిమిషం మిగుల్చుకోవాలనే అనిపిస్తుంది, నాకు తెలుసు. అయినా ఆ నిమిషం పెట్టండి.

పేషెంట్ రాగానే మొదట చూసే ట్రయాజ్ నర్సు రాసిన దానితో డయాగ్నోసిస్ వెయ్యకూడదు. నర్సు ఎడమ అని, డాక్టర్ కుడి అని రాస్తే డాక్టర్ మాటే. డాక్టర్ తన నోట్‌లోనే ఒకచోట కుడి, ఇంకోచోట ఎడమ అని రాస్తే మీరు తేల్చకండి, క్వెరీ, అంటే డాక్టర్‌కు రాతపూర్వక ప్రశ్న, పంపండి. నొప్పి ఒకచోట మొదలై ఇంకోచోటికి మారితే, డాక్టర్ చూసే సమయానికి ఎక్కడ ఉందో దాన్నే తీసుకోవాలి. మన పేషెంట్‌కు మొదట బొడ్డు చుట్టూ ఉన్నా, వచ్చేసరికి కుడి కింద ఉంది. కాబట్టి బొడ్డు చుట్టూ నొప్పి కోడ్ అక్కర్లేదు.

ల్యాబ్ అంకెల సంగతీ ఇదే. 13,800 చూడగానే తెల్ల కణాలు పెరిగాయని మీకు తెలుస్తుంది. బీఫార్మసీ, మైక్రోబయాలజీ చదివి వచ్చినవాళ్లకు ఇంకా బాగా తెలుస్తుంది. డాక్టర్ ల్యూకోసైటోసిస్ (తెల్ల కణాలు పెరగడం) అని రాయనంతవరకూ దానికి కోడ్ లేదు. అంకెకు అర్థం చెప్పాల్సింది ఆయన.

నాలుగో అంచె: నొప్పి ఉన్న చోటుకు తగ్గ అంకె

బొడ్డు మీదుగా ఒక నిలువు గీత, ఒక అడ్డ గీత గీస్తే పొట్ట నాలుగు భాగాలవుతుంది. కుడి, ఎడమ ఎప్పుడూ పేషెంట్‌వి, బొమ్మ చూస్తున్న మీవి కావు.

కుడి పైభాగం ఆర్10.11
ఎడమ పైభాగం ఆర్10.12
ఎపిగాస్ట్రిక్, అంటే పక్కటెముకలు కలిసే చోటుకు కింద మధ్యలో ఆర్10.13
పైభాగం అని మాత్రమే రాస్తే ఆర్10.10
కుడి కింది భాగం ఆర్10.31
ఎడమ కింది భాగం ఆర్10.32
బొడ్డు చుట్టూ ఆర్10.33
కింది భాగం అని మాత్రమే రాస్తే ఆర్10.30
పొట్టంతా ఆర్10.84
చోటు ఎక్కడా రాయకపోతే ఆర్10.9

ఆర్10.84 వెయ్యాలంటే డాక్టర్ జనరలైజ్డ్ అనో డిఫ్యూజ్ అనో రాసి ఉండాలి. చోటు రాయలేదు కదా, పొట్టంతా అయ్యుంటుందిలే అనుకోకూడదు. ఒకటి కంటే ఎక్కువ చోట్ల నొప్పికి 2025 అక్టోబర్ నుంచి ఆర్10.85 వచ్చింది. వాడేముందు ట్యాబ్యులర్ లిస్టులో (పుస్తకంలో కోడ్‌లు వరసగా ఉండే భాగం) దాని చుట్టూ ఉన్న నోట్స్ చదవండి.

ఆర్10.0 దగ్గర మాత్రం కాస్త ఆగాలి. దాని పేరు అక్యూట్ అబ్డామెన్. నోట్‌లో "అక్యూట్ అబ్డామినల్ పెయిన్" కనబడగానే ఇదే అనుకుంటారు. కాదు. ఇది పొట్టంతా భరించలేని నొప్పితో, పొట్ట చెక్కలా బిగుసుకుపోయే పరిస్థితికి. డాక్టర్ సర్జన్‌ను పరుగున పిలిపించే స్థితి అది. నిన్నటి నుంచి ఉన్న నొప్పిని అక్యూట్ అన్నంత మాత్రాన అక్యూట్ అబ్డామెన్ అయిపోదు. పైగా ఒకచోట ఉన్న నొప్పి, పొట్టంతా ఉన్న మామూలు నొప్పి ఈ కోడ్ కింద ఎక్స్‌క్లూడ్స్1 నోట్‌లో ఉన్నాయి. ఎక్స్‌క్లూడ్స్1 అంటే ఆ రెండూ ఒకే చోట కలిసి ఉండకూడదని. ఎక్స్‌క్లూడ్స్2 అయితే అది వేరే జబ్బు, పేషెంట్‌కు రెండూ ఉంటే రెండూ వెయ్యవచ్చు. నడుము నొప్పి, గ్యాస్‌తో ఉబ్బరం ఆర్10కి ఎక్స్‌క్లూడ్స్2లో ఉన్నాయి, అందుకే డాక్టర్ రాస్తే విడిగా కోడ్ చేస్తాం. కిడ్నీ నుంచి వచ్చే రీనల్ కోలిక్ ఎక్స్‌క్లూడ్స్1, దానికి ఎన్23.

ఆర్10.83 కోలిక్ పసిపిల్లలది. ఏడాది దాటిన పిల్లలకు, పెద్దలకు కోలిక్ అని రాస్తే ఆర్10.84కి వెళ్లమని పుస్తకమే చెబుతుంది.

నొక్కితే వచ్చే నొప్పికి, అంటే టెండర్‌నెస్‌కు ఆర్10.81 కింద విడిగా కోడ్‌లున్నాయి. కుడి కింది భాగానికి ఆర్10.813. నొక్కి ఒక్కసారిగా చెయ్యి తీసినప్పుడు ఎక్కువయ్యే రీబౌండ్ టెండర్‌నెస్‌కు ఆర్10.82 వరస. పేషెంట్ నొప్పి అంటున్న చోటే టెండర్‌నెస్ కూడా ఉంటే నేను నొప్పి కోడ్‌తోనే సరిపెడతాను. పేషెంట్ నొప్పి అని చెప్పకపోయినా పరీక్షలో బయటపడినప్పుడు ఈ కోడ్‌లు బాగా పనికొస్తాయి. మీ క్లయింట్ గైడ్‌లైన్ వేరేగా ఉంటే దాన్నే పాటించండి.

మన చార్టుకు ఆర్10.31 వచ్చింది. వికారం, వాంతి రెండూ ఉన్నాయి కాబట్టి ఆర్11.2. విడివిడిగా వికారానికొకటి, వాంతికొకటి వెయ్యనక్కర్లేదు.

అయిదో అంచె: కారణం దొరికిందా, పక్కన కనబడిందా

కారణం తేలిపోతే నొప్పి కోడ్ తీసెయ్యాలి. సీటీలో యురేటర్‌లో, అంటే కిడ్నీ నుంచి మూత్రాశయానికి వెళ్లే నాళంలో, రాయి కనబడింది, డాక్టర్ యురెటరల్ స్టోన్ అని తేల్చారు. అప్పుడు ఎన్20.1 వేస్తాం, డొక్క నొప్పి వెయ్యం. రాయి ఉంటే నొప్పి మామూలే కదా. ఆ జబ్బులో మామూలుగా ఉండని లక్షణం ఇంకేదైనా ఉంటే దాన్ని వెయ్యవచ్చు.

చిక్కంతా ఇలాంటి చార్టులతో వస్తుంది. 52 ఏళ్ల మనిషి, ఎపిగాస్ట్రిక్ నొప్పి. అల్ట్రాసౌండ్‌లో పిత్తాశయంలో రాళ్లున్నాయి, గోడ మామూలుగా ఉంది, వాపు లేదు. డాక్టర్ రాసిన మాట: "ఎపిగాస్ట్రిక్ పెయిన్, కారణం అస్పష్టం. కోలిలిథియాసిస్ ఉంది, నొప్పి దానివల్ల అనిపించడం లేదు." కోలిలిథియాసిస్ అంటే ఆ పిత్తాశయం రాళ్లే, కోడ్ కె80.20. రాళ్లు కనబడ్డాయి కదా అని కె80.20 ఒక్కటే వేసి ఊరుకుంటే, డాక్టర్ వద్దన్న సంబంధాన్ని మనం కలిపినట్టు. సరైన వరస ముందు ఆర్10.13, తర్వాత కె80.20. అదే డాక్టర్ "నొప్పి రాళ్ల వల్లే" అని ఉంటే కె80.20 ఒక్కటే. రాళ్లతో పాటు అక్యూట్ కోలిసిస్టైటిస్ (పిత్తాశయం వాపు) అని రాసి ఉంటే కె80.00. మూడు చార్టుల్లోనూ స్కాన్ బొమ్మ ఇంచుమించు ఒకటే కావచ్చు. తేడా అంతా డాక్టర్ రాసిన ఒక్క వాక్యంలో ఉంటుంది. ఆ వాక్యమే లేకపోతే, రాళ్లున్నాయి, నొప్పి ఉంది, రెండింటికీ సంబంధం ఉందో లేదో రాయలేదంటే, క్వెరీ పంపడమే మంచిది.

అవుట్‌పేషెంట్‌లో రేడియాలజిస్ట్ తన రిపోర్టులో ఖాయం చేసిన జబ్బును కోడ్ చెయ్యవచ్చు, ఆయన కూడా డాక్టరే కదా. కానీ ఆయన "సజెస్టివ్ ఆఫ్" అని రాస్తే మళ్లీ అనుమానమే.

ఆరో అంచె: గర్భిణి అయితే

ఆడవాళ్ల చార్టులో ప్రెగ్నెన్సీ టెస్ట్ ఫలితం చూడకుండా కడుపునొప్పి కోడ్ ఖరారు చెయ్యకండి. గర్భిణి అయితే ఓ అక్షరంతో మొదలయ్యే 15వ అధ్యాయం కోడ్‌లు ముందు రావాలి. పది వారాల గర్భిణికి కారణం తేలని కుడి కింది నొప్పి వస్తే ముందు ఓ26.891, తర్వాత ఆర్10.31, ఆ తర్వాత వారాలు చెప్పే జెడ్3ఎ.10. రెండో త్రైమాసికం 14 వారాలకు మొదలవుతుంది, అప్పుడు ఓ26.892. మూడోది 28 వారాలకు, ఓ26.893. గర్భానికీ ఈ నొప్పికీ సంబంధం లేదని డాక్టరే రాస్తే తప్ప, జెడ్33.1 వేసి గర్భాన్ని పక్కన పెట్టే హక్కు మనకు లేదు.

ఏడో అంచె: క్లెయిమ్ మీద ఎక్కడ ఏది

ఎమర్జెన్సీ ఫెసిలిటీ చార్ట్, అంటే హాస్పిటల్ బిల్లు కోసం చేసేది, అయితే యూబీ-04 అనే హాస్పిటల్ క్లెయిమ్ ఫారంలో 67వ గడిలో మెయిన్ డయాగ్నోసిస్, 70వ గడిలో పేషెంట్ ఎందుకు వచ్చారన్న కారణం ఉంటాయి. ఈ 70వ గడిలో మూడు కోడ్‌ల వరకు పడతాయి. కొత్తవాళ్లు దాన్ని లెక్కలోకి తీసుకోరు, కానీ చాలా విలువైన గడి అది. ఛాతీ కింద మండిపోతూ నొప్పి వస్తే, గుండెపోటేమోనని భయపడి ఒకాయన అర్ధరాత్రి పరుగెత్తుకొచ్చాడనుకోండి. చివరికి మామూలు గ్యాస్ట్రైటిస్ అని తేలింది. 67లో గ్యాస్ట్రైటిస్ కోడ్ కె29.70 ఒక్కటే చూస్తే, దీనికి ఎమర్జెన్సీకి రావాలా అని ఇన్సూరెన్స్ వాళ్లు అడగవచ్చు. 70లో ఆర్10.13 ఉంటే ఆయన ఏ నొప్పితో వచ్చాడో అక్కడే కనబడుతుంది.

అమెరికా చట్టంలో దీనికి ప్రూడెంట్ లేపర్సన్ అన్న కొలమానం ఉంది. వైద్యం తెలియని, బుద్ధిగా ఆలోచించే మామూలు మనిషికి ఆ లక్షణాలు ఎమర్జెన్సీ అనిపించేవేనా అన్నదే చూడాలి, చివర్లో తేలిన జబ్బును కాదు. 1997లో మెడికేర్, మెడికెయిడ్ (అమెరికా ప్రభుత్వ ఆరోగ్య బీమాలు) మేనేజ్డ్ కేర్ ప్లాన్లకు, 2010 ఆరోగ్య చట్టంతో మిగతా ఇన్సూరెన్స్‌లలో అధిక భాగానికి ఇది వర్తించింది. మనం లక్షణాన్ని సరిగ్గా రాయకపోతే ఆ రక్షణ కాగితం మీద కనబడదు, బిల్లు ఆ మనిషి నెత్తిన పడవచ్చు.

స్కానింగ్‌ల సంగతీ అంతే. సీపీటీ, అంటే చేసిన పరీక్షలకు, చికిత్సలకు వేసే కోడ్‌లలో 74177 అంటే కాంట్రాస్ట్‌తో పొట్ట, కటి భాగం సీటీ. ఖరీదైన పరీక్ష. దాన్ని ఎందుకు చేశారో చెప్పేది మన డయాగ్నోసిస్ కోడే. చార్టులో చోటు రాసి ఉండగా ఆర్10.9 వేస్తే, ఆ పరీక్ష అవసరాన్ని మనమే బలహీనం చేసినట్టు. చార్టులో చోటు నిజంగానే లేకపోతే ఆర్10.9 సరైన కోడే, భయపడనక్కర్లేదు. గైడ్‌లైన్స్ కూడా సమాచారం లేనప్పుడు అన్‌స్పెసిఫైడ్ వాడమనే చెబుతాయి. ఆడిటర్‌కు నచ్చుతుందని లేని చోటును ఊహించి వెయ్యడం మాత్రం తప్పు.

మన పేషెంట్ చార్ట్ ఇప్పుడు పూర్తయింది. మెయిన్ డయాగ్నోసిస్ ఆర్10.31, తర్వాత ఆర్11.2. వచ్చిన కారణం గడిలోనూ ఆర్10.31. కె35.80 ఎక్కడా లేదు.

ఎనిమిదో అంచె: ఆమె మళ్లీ వస్తే

12 గంటల తర్వాత నొప్పి పెరిగి ఆమె తిరిగొచ్చిందనుకుందాం. మళ్లీ సీటీ తీశారు, ఈసారి అపెండిక్స్ వాచి ఉంది. డాక్టర్ అక్యూట్ అపెండిసైటిస్ అని ఖాయంగా రాసి, సర్జరీకి అడ్మిట్ చేశారు. ఈ కొత్త చార్టుకు కె35.80. నొప్పి, వాంతుల కోడ్‌లు ఇక వెయ్యం, అవి అపెండిసైటిస్‌లో భాగమే.

ఇప్పుడు మీ మనసు మొదటి చార్ట్ మీదకు పోతుంది. చూశారా, డాక్టర్ అనుమానం నిజమైంది కదా, వెనక్కి వెళ్లి దాన్నీ కె35.80 చేద్దామా అనిపిస్తుంది. చెయ్యకండి. ఆ మొదటి రాత్రి ఆమెకు స్కాన్ తీశారు, అపెండిక్స్ బాగానే కనబడింది, మళ్లీ రమ్మని చెప్పి పంపారు. ఆ రాత్రి ఆ డాక్టర్‌కు తెలిసింది అంతే. ఆ చార్ట్ ఆర్10.31గానే ఉండాలి.